పదకొండు చుట్లు

ఎడమకు పదకొండు చుట్లు తిప్పితే
మూడో వార్డుకు నీళ్లు పోతాయి.
కుడికి పదకొండు తిప్పితే ఆగుతాయి.
పంతొమ్మిదేళ్లుగా నాకొచ్చిన విద్య ఇదొక్కటే.

మన్నేటి ఇసకలో దించిన బావి.
మున్సిపాలిటీ లెక్కలో నాలుగో నంబరు,
మా నోళ్లలో తియ్యబావి.
కందుకూరు రోడ్డున పోయే లారీల వాళ్లు
బండి పక్కకాపి మరీ క్యాన్లు పట్టుకుపోయేవాళ్లు.
కందిపప్పు ఇట్టే ఉడికేది ఆ నీళ్లకి.
అంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు ఏం గావాల?

శివరాత్రి దాటిన నాలుగో రోజు
మూత ఎత్తితే
కొత్తగా రంగేసిన బీరువా తలుపు తీసినట్టు
వాసన.
పాచి కాదు. చచ్చిన ఎలుక కాదు.
ఆ రెండూ నా ముక్కుకి పాత చుట్టాలు.
ఇదెవరో తెలియలేదు.

అయినా నాలుగయింది.
కుళాయిల కింద బిందెలు వరస కట్టుంటాయి.
ఎడమకు పదకొండు.

పప్పు మామూలుగానే ఉడికింది, అదీ మోసం.
వాసనేందన్నా అని కరీమున్‌బీ అడిగితే
బ్లీచింగు ఎక్కువయిందిలే అన్నా.
ఇత్తడి బిందె అడుగు నల్లబడతా ఉండాదంటే
చింతపండు పెట్టి తోముకోమన్నా.
పెంచలమ్మ మనవరాలి ఒంటిమీద దద్దుర్లకి
ఎండాకాలం గదమ్మా అన్నా.
అడగంగానే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేది
అబద్ధం గాక ఇంకేమవుతాది?

ల్యాబు పిల్లోడొచ్చాడు.
సీసాలో పట్టి ఎండకెత్తి చూశాడు.
కాయితం నిండా గళ్లు.
'వాసన' అనే గడి దగ్గర పెన్ను ఆపి
నా మొహం చూశాడు, జలుబు చేసిందంట.
నాకు మూడు నెలల జీతం రావాల్సుండాది.
లేదు, అన్నా.
ఆ మాట మీద సీలు పడింది.

మా బామ్మర్ది అంకమరావుకి
ఏటి అవతల మందుల ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ.
కూతురికి చెవులు కుట్టించిన రోజు
రెండో గ్లాసు మీద తనే అన్నాడు:
"బావా, నేనూ నీ మాదిరే.
రాత్రి రెండింటికి ట్యాంకు వాల్వు తిప్పుతా.
ఎండిన బోరులోకి పోతాది, కంట పడదు.
నాది ఏడు చుట్లే."
వాడు నవ్వాడు. నేనూ నవ్వా.

ఇంటికొచ్చి పడుకుంటే లెక్క మొదలైంది.
రెండింటికి వాడు,
నాలుగింటికి నేను.
ఇసకలో నీళ్లకి తొందర లేదు.
ఏ నెల రెండింటికి వాడు వదిలింది
ఏ నెల నాలుగింటికి నా చేతికొచ్చిందో.

మర్నాడు మూత ఎత్తలా.
వాల్వు చక్రం ఊడదీసి
సైకిలు క్యారేజీకి కట్టుకొని ఇంటికొచ్చేశా.

ఆరుకల్లా వీధి వీధంతా వచ్చింది.
నీళ్లిచ్చినన్నాళ్లూ నేను వాల్వాయన్ని, అంతే.
ఆ పూట అందరికీ పేరు గుర్తొచ్చింది.
"మాలకొండయ్యా, నీ చేతులు పడిపోనూ!"
ట్యాంకర్ల వాళ్ల దగ్గర తిన్నాడని ఒకరు,
తాగి పడుకున్నాడని ఇంకొకరు.
పెంచలమ్మ తిట్టలేదు.
బిందె నా గడప ముందు బోర్లించి
దానిమీద కూర్చుంది, పిల్ల చెయ్యి పట్టుకొని.

చెప్పాల.
వాసన ఉండాదని చెప్పాల.
లేదని రాయించింది నేనేనని చెప్పాల.
అంకమరావు పేరు చెప్పాల,
వాడి పిల్లకి నిన్ననే కుట్టిన చెవుల సంగతి
చెప్పకుండా ఎట్టా?
నోరెండిపోయింది.
లోపల్నుంచి మా ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది.
నిన్నటి నీళ్లు.

అందరి ముందూ నేను వాసన చూశా.
తర్వాత చెంబు
పెంచలమ్మ ముక్కు దగ్గర పెట్టా.

"బ్లీచింగు కాదమ్మా ఇది," అన్నా.